స్పీకర్ వెనక కింది వరుస

అర్దియా అనే అరబ్బు పేటలో నేను డ్రైవరుగా చేసిన ఇంటి దివానియాలో, అంటే మగవాళ్లు వచ్చి కూర్చునే బయటి గదిలో, రెండు నల్లటి స్పీకర్లు గోడకు ఆనుకుని ఉండేవి. నా నడుము దాకా ఎత్తు. టీవీ శబ్దాన్ని వాటికి అందించే రిసీవరు పాతబడితే, కొత్తది చూసి తెమ్మని బాబా నన్నే పంపాడు. ఇంటి యజమానిని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలిచేవాళ్లం. నేను రోజూ డైరీ రాస్తానని, కారు టైరు ఏ రోజు మార్చామో కూడా చూసి చెప్పగలనని ఆయనకు నా మీద గురి.

ఆ పనీ పద్ధతిగానే చేశాననుకున్నాను. అద్దాల అల్మారాలో అర పొడవు, లోతు, ఎత్తు టేపుతో కొలిచి రాసుకున్నాను. స్పీకరు బరువైనది, ముందుకు లాగితే కార్పెట్ ముడతపడి మామా అరుస్తుందని, ఫోను వెనక్కి చాపి స్టిక్కరు ఫొటో తీశాను. వాట్లు కనిపించాయి. చాలనుకున్నాను. దజీజ్‌లోని ఒక దుకాణం నుంచి ఆ వాట్లకు సరిపడేది, అరలో వేలు దూరే సందు కూడా లేకుండా అమిరేది తెచ్చాను. బాబా భుజం తట్టాడు.

నాలుగు నెలలకు ఒక మధ్యాహ్నం, టీవీలో ఆట మధ్యలో అది టక్కుమని ఆగిపోయింది. గదంతా కాలిన వాసన. ఆ పొద్దున అల్మారా తుడిచింది కడప వైపు నుంచి కొత్తగా వచ్చిన పనమ్మాయి. తడిగుడ్డ పెట్టి పాడు చేసిందని మామా తేల్చేసింది. ఆ పిల్ల వచ్చి ఇంకా ఆరు నెలలు కాలేదు. ఆ లోపల నచ్చకపోతే మనిషిని తెప్పించిన ఆఫీసుకు, మక్తబ్‌కు, తిరిగి అప్పగించవచ్చు. గురువారం దించి రమ్మని నాకే చెప్పింది.

వంటింటి తలుపు దగ్గర ఆ పిల్ల నా దారికి అడ్డం నిలబడింది.

"చిన్నాయనా, పొడిగుడ్డే. నీళ్లు పెట్టేదానికి నాకేమన్నా పిచ్చా?"

"నాకు తెలుసులే మే. ఏడ్చొద్దు."

"తెలిస్తే మామాకు చెప్పు. ఆ మక్తబ్‌లో పది దినాలుంటి. మల్లా ఆడికి పోతే ఈసారి ఏ ఇంటికి తోలతారో ఏమో!"

నిజానికి నాకేమీ తెలియదు. ఊరడించడానికి అన్నాను. కానీ ఆ మాట అన్నాక స్పీకరు ముందుకు లాగి చూడకుండా ఉండలేకపోయాను. స్టిక్కరు మీద, నా ఫొటోలో పడని కింది వరుస ఒకటి ఉంది. నాలుగు ఓమ్‌లు. చచ్చిపోయిన రిసీవరు వెనక, తీగలు బిగించే చోట, ఎనిమిది నుంచి పదహారు అని ఉంది. దాని భావం పూర్తిగా అర్థం కాలేదు గానీ, రెండు అంకెలూ కలవడం లేదని తెలిసి, ఈసారి స్టిక్కరు మొత్తం పడేలా ఫొటో తీశాను.

బుధవారం దాన్ని దజీజ్ దుకాణానికి మోసుకెళ్లాను. అక్కడ రిపేరు చేసే అతనిది జగిత్యాల వైపు. మూత విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"లోపలికి నీళ్లు పోయినాయా?" అన్నాను. పోయాయని అంటే బాగుండునని ఒక్క క్షణం కోరుకున్నాను. ఆ సంగతి ఆ రోజు డైరీలో రాయలేదు.

"నీళ్ల జాడ ఏడుంది కాకా? ఉడుకుకు మాడింది. స్పీకర్లు ఎన్ని ఓమ్‌లు?"

"నాలుగు."

"మరి ఎనిమిదికి చేసిన డబ్బ ఎట్ల కొన్నవ్? వాట్లొక్కటే చూస్తివా? ఓమ్‌లు తక్కువుంటే కరెంటు ఎక్కువ గుంజుతది. నీళ్ల నల్ల మొత్తం తిప్పినట్టు. ఇది ఇయ్యలేక ఇయ్యలేక సచ్చింది. ఏడ వెట్టినవ్?"

"అద్దాల అల్మారాలో. సరిగ్గా సరిపోయింది."

"సరిగ్గనా! గాలి ఎటుకెళ్లి పోవాలె? మంచి బొందనే తవ్వినవ్ దానికి," అని నవ్వాడు.

నాలుగు ఓమ్‌లకు పనికొస్తుందని వెనక రాసి ఉన్నది ఒకటి చూపించాడు. ఆ అంకె నేను మూడుసార్లు చదివాను. అది ఎత్తుగా ఉంది, అరలో పట్టదు. అదే తీసుకున్నాను.

తిరుగుదారిలో లెక్క వేసుకుంటూ వచ్చాను. ఎవరూ నన్ను అనుమానించలేదు. నాకు అరవై దాటాయి. అక్కడ ఉండనిచ్చే ఇఖామా గడువు ఇంకో నెలలో ముగుస్తుంది. బాబా సంతకం పెడితేనే ఆ దేశంలో ఉండగలను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా అరబ్బీలో ఒకే మాట పైకి అనుకున్నాను: తప్పు నాది. పక్క కారులోని మనిషి నా వైపు వింతగా చూశాడు.

బాబా దివానియాలో ఒక్కడే ఉన్నాడు. తప్పు నాదని చెప్పి రెండు ఫొటోలు చూపించాను, సగం పడినదీ, పూర్తిదీ. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నిన్నెవరూ అడగలేదే. ఎందుకు చెబుతున్నావు?"

"రేపు ఆ పిల్లను మక్తబ్‌లో దించాలి బాబా."

"ఇన్నేళ్లుగా అన్నీ రాస్తావు. ఇది చూడలేదా?"

ఆయన లేచి లోపలికి వెళ్లాడు. మామా గొంతు రెండుసార్లు హెచ్చింది. నేను బయటికొచ్చి, పొద్దున కడిగిన కారునే మళ్లీ తుడుస్తూ నిలబడ్డాను.

చెత్త సంచి పట్టుకుని ఆ పిల్ల వచ్చింది. "చిన్నాయనా, మామా నన్ను చాయ పెట్టమనె. నిన్ను డబ్బా బిగించమన్నారు."

"మక్తబ్ సంగతి?"

"అది ఖలాస్ అనె. ఏం చెప్తివి?"

"స్టిక్కరు గురించి."

"అదేంది?" అంది. వివరించే ఓపిక లేకపోయింది.

నా గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

కొత్త రిసీవరును అల్మారాలో కాక, నాలుగు వైపులా గాలి తగిలేలా తలుపు పక్కనున్న బల్ల మీద పెట్టాను. శుక్రవారం సాయంత్రం పదిమంది వచ్చారు. ఆట మొదలయ్యాక నా చెయ్యి దాని మూత మీదే ఉంది. బాబా చూసి, "ఏమయ్యా, బిడ్డకు జ్వరమా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో కోపం ఉందా అని ఆయన ముఖంలో వెతికాను, తెలియలేదు.

చాయ తట్ట అందించడానికి ఆ పిల్ల తలుపు దాకా వచ్చింది.

"కాలతాందా చిన్నాయనా?" అని గుసగుసగా అడిగింది.

"లేదు మే. గోరువెచ్చగా ఉంది."

రెండో చెయ్యి మూత మీదే ఉంచి, తట్ట ఒంటిచేత్తో అందుకున్నాను.