చంటిపిల్లాడి దగ్గర మా నాన్న నేర్చిన కసరత్తు

నా చిన్నప్పుడు మా నాన్న వన్‌టౌన్ గోడౌన్ల దగ్గర ముఠాలో బస్తాలు మోసేవాడు. ముఠా అంటే లారీలు దించే కూలీల జట్టు. అందులో చోటు దొరకడం కష్టం, పోగొట్టుకోవడం తేలిక. భవానీపురంలో మాది రెండు గదుల పెంకుటిల్లు. మా అమ్మ, నేను, ఇంకా కూర్చోవడం కూడా రాని మా తమ్ముడు, ముగ్గురమూ ఆయన వీపు మీదే బతుకుతున్నాం. బస్తా ఆ వీపెక్కితేనే మా పొయ్యి వెలిగేది.

వానలు వెనకబడుతున్న రోజుల్లో ఆ వీపు పట్టేసింది. లారీ మీంచి బస్తా అందుకుంటూ పక్కకి తిరిగాడట, అంతే. తోటి కూలీలు ఇద్దరు చంకల కింద చేతులేసి రిక్షాలో ఇంటికి తెచ్చారు. ఇసుక కాపడం పెట్టాం. ఆముదం రాశాం. కొన్నాళ్ళకి లేచి నిలబడ్డాడు గానీ, చెప్పులు తొడుక్కోవడానికి వంగితే మళ్ళీ మొదటికి వచ్చేది. అది పనులు పల్చగా ఉండే కాలం కాబట్టి ముఠా మేస్త్రీ ఊరుకున్నాడు. ఒకరోజు ఆయనే వచ్చి గుమ్మంలో నిలబడి, "కొత్త బియ్యం దిగే దాకా నీ చోటు అట్టే పెడతానయ్యా. ఆ తర్వాత నా చేతిలో ఉండదు" అన్నాడు. చెడ్డవాడు కాదు. మోసే మనిషి కావాలి ఆయనకి, అంతే.

నడుం నిలబడాలంటే పొట్టలో బలం ఉండాలని మా నాన్నకి ఎవరో చెప్పారు. ఆ మాట అబద్ధం కాదు. ఆ బలం ఎలా వస్తుందో చెప్పకపోవడంతోనే చిక్కు వచ్చింది. ఆయన కుర్రతనంలో తాలింఖానాకి వెళ్ళి దండీలు, బస్కీలు తీసినవాడు. కసరత్తంటే ఆయన దృష్టిలో పళ్ళు బిగించాలి, ఒళ్ళు తడిసిపోవాలి, చూసేవాళ్ళు నోరు తెరవాలి. పొద్దున్నే వరండాలో వెల్లకిలా పడుకుని నన్ను పాదాల మీద కూర్చోమనేవాడు. చేతులు తల కింద పెట్టుకుని లేచి మోకాళ్ళకి నుదురు ఆనించేవాడు, మళ్ళీ పడుకునేవాడు. నన్ను లెక్కపెట్టమనేవాడు. నాకు ఇరవై దాకానే వచ్చు. ఆ తర్వాత మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేదాన్ని. ఆయన మొహం కందగడ్డలా అయిపోయేది, మెడ నరాలు ఉబ్బేవి. నాకు మాత్రం ఆ కాళ్ళ మీద కూర్చోవడం ఉయ్యాల ఊగినట్టుండేది. అవతల ఆయన నడుం రోజురోజుకీ ఇంకా పట్టేస్తోందని నాకేం తెలుసు!

అప్పట్లో మా తమ్ముడికి లాలపోయడానికి పక్కింటి మామ్మ వచ్చేది. వాడకట్టులో పిల్లలందరికీ ఆవిడే పోసేది. పెరట్లో పీట వేసుకుని, కాళ్ళు బారచాపి, వాడిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసేది. నీళ్ళు పోశాక వాడి కుడిచెయ్యి, ఎడమకాలు కలిపి పొట్ట మీదికి తెచ్చేది. తర్వాత ఎడమచెయ్యి, కుడికాలు. వాడు ఏడవడం మానేసి నవ్వేవాడు. ఇప్పటికీ మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పిల్లలకి చేసేదే ఇది, కొత్తేం కాదు.

ఒకరోజు లాలపోసి లోపలికి వస్తూ ఆవిడ వరండాలో మా నాన్న అవస్థ చూసింది. లేవబోయి సగంలో ఆగిపోయి, అటూ ఇటూ కాకుండా మూలుగుతున్నాడు. నేను కాళ్ళ మీద కూర్చుని "పదమూడు, పదమూడు" అంటున్నాను.

"ఏరా అబ్బాయ్, ఉన్న నడుం కూడా విరగ్గొట్టుకుంటున్నావా?" అంది.

"బలం రావాలి కదా మామ్మా."

"వచ్చిందా మరి?"

ఆయన నన్ను కాళ్ళ మీంచి లేవమన్నాడు. పక్కకి ఒత్తిగిలడానికి కూడా చాలాసేపు పట్టింది. మా అమ్మ గడపలో నిలబడి చూస్తోంది. నోరు తెరిస్తే ఏడుపొచ్చేసేదని తర్వాతెప్పుడో చెప్పింది.

మామ్మ చాప తెచ్చి పరిచింది. తమ్ముడిని దాని మీద పడుకోబెట్టి, పక్కన మా నాన్ననీ పడుకోమంది. "ఉగాదికి వీడికి మెడ నిలబడలేదు. ఇప్పుడు బోర్లాపడుతున్నాడు. రేపో మాపో పాకుతాడు. వీడితో ఎవరన్నా బస్కీలు తీయించారట్రా? వీడు ఏం చేస్తే నువ్వూ అదే చెయ్యి. ఎక్కువొద్దు" అంది. నన్ను తమ్ముడిని చూసి చెప్పమంది. మా నాన్న నవ్వాడు. వేళాకోళమేమో అనుకున్నాడు. ఆ నవ్వుకి కూడా నడుం కలుక్కుమంది. ఇక వేరే దారి లేక పడుకున్నాడు.

తమ్ముడు కాళ్ళూ చేతులూ గాల్లోకి ఎత్తి ఆడించాడు. నాన్నా ఎత్తాడు. వాడు ఒక కాలు దించాడు. నాన్న కూడా ఒక కాలు, దానికి ఎదురు చెయ్యి మెల్లగా నేల దాకా దించబోయాడు. నడుం విల్లులా పైకి లేచింది. మామ్మ వెంటనే ఆ సందులోకి తన చెయ్యి దూర్చింది. "ఇక్కడ నా చెయ్యి దూరకూడదు. దూరిందంటే నువ్వు దించింది ఎక్కువైనట్టు. నడుం నేలకి అతుక్కుని ఉన్నంతవరకే నీది" అంది. ఆయన ఈసారి కాలు కాస్తే దించాడు. అంత కాస్తకే ఆయన పొట్ట వణకడం నాకు కనిపించింది. క్వింటాల్ బస్తా మోసే మనిషి, గాల్లో ఉన్న తన కాలిని తాను పట్టి ఉంచలేకపోయాడు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"ఊపిరి బిగబట్టకు. వాడు బిగబడుతున్నాడా చూడు. ఉంగా ఉంగా అంటూనే ఆడుతున్నాడు. నువ్వూ అను."

"ఏమనాలి?"

"ఉంగా అను."

మా నాన్న చుట్టూ చూసి చిన్నగా "ఉంగా" అన్నాడు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రహరీ అవతలి నుంచి తల ఎత్తి చూసిన ఎదురింటావిడ, "ఏం వదినా, మీ ఇంట్లో ఇద్దరా చంటిపిల్లలు?" అంది. "పెద్దాడికి ఇంకా ఉగ్గు మొదలెట్టలేదు వదినా" అంది మా అమ్మ. నడుం పట్టేశాక మా ఇంట్లో అందరూ కలిసి నవ్వడం అదే మొదటిసారి.

అలా మొదలైంది. తమ్ముడు బోర్లాపడితే ఆయన బోర్లా పడ్డాడు. వాడు మోచేతుల మీద ఛాతీ ఎత్తితే ఆయనా ఎత్తాడు. వాడు మోకాళ్ళ మీదికి లేచి ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టిన రోజుల్లో, మామ్మ మా నాన్నని నాలుగు కాళ్ళ మీద ఉంచి నడుం మీద నీళ్ళ చెంబు పెట్టింది. ఒక చెయ్యి ముందుకి, ఎదురు కాలు వెనక్కి చాపమంది. నీళ్ళు ఒలకకూడదు. చాలాసార్లు ఒలికాయి. చాపలు ఎండబెట్టలేక మా అమ్మ విసుక్కుంది. మా నాన్నకీ విసుగే. "చెమట పట్టని కసరత్తు ఏం కసరత్తు మామ్మా?" అన్నాడు ఒకరోజు. "చెమటే కావాలంటే ఎండలో నిలబడు" అంది ఆవిడ. ఇంకా చేస్తానంటే చెయ్యనిచ్చేది కాదు. రేపు మళ్ళీ చెయ్యగలిగేంతే ఇవాళ చెయ్యాలనేది. కాళ్ళు చేతులు పని చేస్తుంటే నడుం కదలకుండా కాసుకోవాలి, బస్తా కిందా మనిషికి కావాల్సింది అదే అనేది. నడుం మడతపెట్టి లేపే కసరత్తులన్నీ ఆయనకి మాన్పించేసింది. ఒక్క మాట మాత్రం రోజూ చెప్పేది: ఊపిరి ఆగిందంటే నీ బలం అక్కడితో సరి, దించెయ్యి.

తమ్ముడు గోడ పట్టుకుని నిలబడే వేళకి కొత్త బియ్యం దిగడం మొదలైంది. మా నాన్న తలగుడ్డ చుట్టుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకుని వెళ్ళేసరికి గోడౌన్ ముందు లారీ ఉంది. మేస్త్రీ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన చూపంతా మా నాన్న మీదే ఉందని పిల్లదాన్ని నాకే తెలిసిపోయింది. "ఏరా ఉంగా, నడుస్తావా పాకుతావా?" అని ఒకడు అరిచాడు. అందరూ నవ్వారు. ఆ పేరు భవానీపురం నుంచి వన్‌టౌన్ దాకా ఎలా వచ్చిందో ఎవరికి తెలుసు.

ఆయన మోస్తూనే ఉన్నాడు. నేను లెక్కపెట్టలేదు. ఒక బస్తాతో లారీకీ గుమ్మానికీ మధ్య ఉండగా ఆయన నడక మారింది. నోరు మూసుకుపోయింది, మెడ నరాలు ఉబ్బాయి. వరండాలో పాదాల మీద కూర్చుని రోజూ చూసిన మొహమే అది. నాకు భయమేసింది. ఆయన ఆగాడు. మోకాళ్ళు మెల్లగా వంచి, బస్తాని వీపు మీంచి నేల మీదికి జార్చేశాడు.

ముఠాలో దారి మధ్యన బస్తా దించకూడదు. దించితే మళ్ళీ వీపు మీదికెత్తడానికి ఇద్దరు తమ పని ఆపి రావాలి. అది తోటివాళ్ళ మీద బరువు వెయ్యడం. అంతకంటే సిగ్గు లేదు. నవ్వులు ఆగిపోయాయి. మేస్త్రీ కుర్చీలోంచి లేచాడు. "అందుకేనయ్యా చెప్పింది, నీకు ఇంకా..." అని మొదలుపెట్టాడు. మా నాన్న రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడి గాలి పీల్చుకుంటున్నాడు. తల దించుకోలేదు. "ఊపిరి అందలేదు మేస్త్రీ గారూ. అందాక మోస్తాను. మొయ్యను అనలేదు" అన్నాడు.

నా చేతిలో క్యారేజీ కాలుతోంది, కింద పెట్టాలని కూడా తోచలేదు. అప్పుడు వెనక వస్తున్న ఇంకో మనిషి, మా నాన్నకంటే పెద్దవాడు, తన వీపు మీది బస్తాని అక్కడే జార్చేశాడు. "నాకూ అందడంలేదండీ. చెప్పడానికి సిగ్గుపడి ఇన్నేళ్ళు లాగాను" అన్నాడు. బస్తా లేనప్పుడు కూడా ఆ పెద్దాయన నడుం నేల వైపు వంగే ఉండేది. మేస్త్రీ ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఏం చెయ్యగలడు, లారీ సగం కూడా దిగలేదు. "సరే, టీ తాగి తగలడండి" అని కుర్చీలో కూర్చున్నాడు. టీ అయ్యాక ఆ పెద్దాయనా ఇంకొకతనూ కలిసి బస్తా ఎత్తి మా నాన్న వీపు మీద పెట్టారు. ఆయన లోపలికి తీసుకెళ్ళి వేశాడు. చోటు పోలేదు.

ఇదేదో గెలుపు అని చెప్పడం లేదు. ఆ నడుం పూర్తిగా ఎప్పుడూ బాగవలేదు. ఆయన ఇంకా చాలా ఏళ్ళు మోశాడు. మోస్తూ మధ్యలో దించాడు, తిట్లు తిన్నాడు, మళ్ళీ మోశాడు. వాళ్ళ ముఠాలో ఆయన ఈడువాళ్ళు చాలామంది చివరి రోజుల్లో నేల చూస్తూ నడిచారు. ఆయన మంచాన పడేదాకా ఎదుటి మనిషి మొహం చూసి మాట్లాడాడు. అంతవరకే ఆ కసరత్తు పని.

నాకు అప్పుడు చదువు లేదు. అక్షరాలు నా మనవరాలితో పాటే నేర్చుకున్నాను. చదువు లేనివాళ్ళకి చూసింది చూసినట్టు మిగిలిపోతుంది, అందుకే ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాను. నేనూ నా వాటా బరువులు మోశాను. తట్టలు, బిందెలు, పిల్లలు, ఆ తర్వాత పక్షవాతం వచ్చిన మొగుడు. ఇప్పుడు నా నడుం వంతు వచ్చింది. అలిసిపోయాను, నిజం చెప్పాలంటే. పొద్దున లేవడమే ఒక పని.

పార్కులో నడవడానికి వచ్చే ఆడవాళ్ళు ఫోన్లో చూపిస్తుంటారు, పొట్ట బలానికి ఇది మంచిది, అది మంచిది అని. పడుకుని లేచేవి, కాళ్ళు రెండూ కలిపి ఎత్తేవి, మెలికలు తిరిగేవి. చూడ్డానికి బాగుంటాయి. నాకు మా నాన్న మొహం గుర్తొస్తుంది, వద్దంటాను. డాక్టరు చెప్పాడని పటమటలో ఒక ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. బంగారం లాంటి పిల్ల. మొదటి రోజే నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, ఒక చెయ్యి, ఎదురు కాలు మెల్లగా దించమంది. నా నడుం కింద తన చెయ్యి పెట్టి చూసింది. నేను ఆ చేతిని పట్టేసుకున్నాను. "నొప్పిగా ఉందా మామ్మగారూ?" అని కంగారుపడింది. లేదమ్మా అన్నాను.

మొన్న కాలు చాపి ఉంచానో లేదో ఊపిరి ఆగింది. దించేశాను.

"ఇంకా రెండే ఉన్నాయండీ మామ్మగారూ, చేసెయ్యండి" అంది.

"రేపు చేస్తాను తల్లీ" అన్నాను. ఆ పిల్ల నవ్వి సరేనంది. పైన ఫ్యాను తిరుగుతోంది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, సిగ్గేమీ లేకుండా, గాలి లోపలికి వచ్చేదాకా అలాగే పడుకున్నాను.