‘ఆకుపచ్చ తలుపు’ పాటకు నేను చెప్పని సాక్ష్యం

ఇరవై ఏళ్లు దాటింది, ఒక సంగతి మోస్తున్నాను. అబద్ధం అనాలంటే నోరు రావడం లేదు. నేను అబద్ధమాడలేదు, ఊరుకున్నాను. ఊరుకోవడం ఇంత బరువుగా ఉంటుందని ఆ రోజుల్లో తెలియదు. తెలిసి ఉంటే మాట్లాడేదాన్నా? ఏమో. అప్పటికి నాకు ధైర్యం అంతంత మాత్రమే. ఇప్పుడూ పెద్దగా పెరిగింది లేదు.

మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పబోయిన ప్రతిసారీ వేరే మాటలోకి దిగిపోయాను. నా పేరు మాత్రం అడగకండి.

నీరెండ అనే బ్యాండ్ పేరు మీరు విని ఉండకపోవచ్చు. అప్పట్లో విన్నవాళ్లకైనా గుర్తుండేది ఒకే పాట, స్టీఫెన్ పాడిన పెళ్లిపాట. ఏలూరు చుట్టుపక్కల ఒకప్పుడు ఆ పాట లేకుండా రిసెప్షన్ జరిగేది కాదు. నలుగురు కుర్రాళ్లు, మా చర్చి క్వయర్‌లో పాడేవాళ్లే. గిటార్ మెల్లగా మీటేవారు. డ్రమ్స్ మీద కర్రలకు బదులు బ్రష్‌లు ఆడించేవారు. సాఫ్ట్ రాక్ అని వాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. మా నాన్నగారు జోలపాటల బృందం అనేవారు.

తెచ్చింది ఒక్కటే క్యాసెట్. మొదటి వైపు స్టీఫెన్ పాటలు. రెండో వైపు మా చర్చి బయట ఎవరూ తిప్పి వినలేదు. ఆ రెండో వైపు గురించి నేను ఎనిమిదేళ్లుగా ఆన్‌లైన్‌లో ఒక పేజీ నడుపుతున్నాను. ముఖ్యంగా బేస్ గిటార్ వాయించిన దేవదానం గురించి. ఆయనది ఆకివీడు దగ్గర కొల్లేటి లంక గ్రామం. పై చదువు కోసం ఏలూరు వచ్చి, చర్చిలో కీర్తనలకు కింది గొంతు పాడుతూ సంగీతం నేర్చుకున్నాడు. అందుకే ఆయన బేస్ ఎక్కడా తోసుకురాదు. పాడేవాడి వెనకాల ఒక అడుగు ఆలస్యంగా, చెయ్యి పట్టుకోవడానికి ఉన్నట్టుగా నడుస్తుంది. వినగా వినగా గానీ అది చెవికి పట్టదు, పట్టాక మాత్రం పాటలో మిగతాదంతా పలచగా అనిపిస్తుంది. ఇవన్నీ రాశాను. మనసారా రాశాను. మరుగున పడ్డ కళాకారుణ్ని వెలికితీశారు మేడం అని జనం మెచ్చుకుంటారు.

పూడ్చింది కూడా నేనేనని వాళ్లకు తెలియదు.

రెండో వైపు చివరి పాట ‘ఆకుపచ్చ తలుపు’. దేవదానమే పాడాడు, శిక్షణ లేని బొంగురు గొంతుతో. మేడ మీద ఒక గది, ఆకుపచ్చ తలుపు. ఎదుటి హాల్లో పాట మొదలైతే తలుపు తెరుచుకుంటుంది, ఆగితే మూసుకుంటుంది. లోపల ఆగిపోయిన గోడ గడియారం, కిర్రుమనే ఫ్యాను. ‘నీ గొంతు మెట్లెక్కి వచ్చింది, నేను మాత్రం దిగి రాలేను’ అంటుంది పాట. ఈ మధ్య ఎవరో కుర్రాడు ఆ వాక్యాన్ని ఒక వీడియోకి పెట్టాక ఊరూరా అదే. స్టేటస్‌ల నిండా అదే.

ఆ మాటలు దేవదానానివి కావు. నావి.

ఇదిగో, రాసేశాను. ఇంత చిన్న వాక్యానికా ఇన్నేళ్లు?

అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. సాయంత్రాలు లెక్కల ట్యూషన్‌కి వెళ్లేదాన్ని. చెప్పేది సునీత అక్క. బీఎస్సీ చదివింది, మా చర్చి సంఘ పెద్దల్లో ఒకరి కోడలు. వాళ్ల మేడ గది చర్చి వెనక హాలుకు ఎదురుగా ఉండేది, నీరెండ వాళ్ల ప్రాక్టీసు ఆ హాల్లోనే. గాలి కోసం ఆవిడ ఆ గది ఆకుపచ్చ తలుపు తీసి ఉంచేది, చీకటి పడబోతుంటే దోమలు వస్తాయని మూసేసేది. ప్రాక్టీసు కూడా ఇంచుమించు ఆ వేళకే అయిపోయేది. అంతే సంగతి. ఆవిడకు వాళ్ల పాటలంటే చిరాకు. ఇంటెగ్రేషన్ మధ్యలో ఆ టింగుటింగు ఏమిటని విసుక్కునేది. ఆ గదిలో కూర్చుని, స్టీఫెన్ గొంతు వింటూ, ఆ మాటలన్నీ మనసులో అల్లుకున్నది నేను. ఆ వయసులో అందరికీ వచ్చే జ్వరమే నాకూ వచ్చింది. మాటలు దేవదానం అన్నయ్యకు చెప్పాను. క్వయర్‌లో మాకు గొంతులు సరిచేసేది ఆయనే. విని, ఎవరికీ చెప్పనమ్మా అని మాటిచ్చి బాణీ కట్టాడు.

మా క్వయర్‌లో ఒక పద్ధతి ఉండేది. కొత్త పాట తెచ్చినవాళ్లు ముందు లేచి నిలబడి దాని సాక్ష్యం చెప్పాలి. అంటే, తమ జీవితంలో ఏం జరిగి ఆ పాట పుట్టిందో చెప్పాలి. జ్వరం తగ్గిందనో, పోయిన బిడ్డ కలలో కనిపించిందనో. ఊరికే ఊహించి పాట కట్టడం అనేది మా పెద్దల బుర్రకు ఎక్కని సంగతి. పాట ఉందంటే అది జరిగి ఉండాల్సిందే. క్యాసెట్ ఇంటింటికీ చేరాక, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, పెద్దలు దేవదానాన్ని చర్చి పక్కగది వెస్ట్రీలోకి పిలిచి ఈ పాట సాక్ష్యం ఏమిటని అడిగారు. ఆకుపచ్చ తలుపు ఎవరిదో ఊరందరికీ తెలుసు. గడియారం ఆగిందని, ఫ్యాను కిర్రుమంటుందని, లోపలి మనిషి చెప్పకుండా నీకెలా తెలిసిందని గద్దించారు. పెద్దల్లో మా నాన్నగారూ ఉన్నారు. నేను బయట వరండాలో పాటల పుస్తకాలు సర్దుతున్నాను. కిటికీ తెరిచే ఉంది. పాట నాదేనండీ, సాక్ష్యం మాత్రం లేదండీ అని అన్నయ్య చెప్పడం నా చెవులతో విన్నాను. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

ఆయన బయటికి వచ్చినప్పుడు గేటు దగ్గర పట్టుకున్నాను.

“నేను లోపలికెళ్లి చెప్పేస్తాను అన్నయ్యా.”

“ఏం చెప్తావమ్మా? స్టీఫెన్ మీద రాశానని మీ నాన్నగారి ఎదురుగా చెప్తావా?”

నేను గేటు గడియ తీసి, మళ్లీ వేశాను.

“పరీక్షలు దగ్గరకొచ్చేశాయి గదా నీకు. ముందు అవి రాసుకో. ఊరుకో తల్లీ.”

“మరి సునీత అక్కో?”

“పెద్దోళ్లు గదమ్మా, రెండ్రోజులు గొణుక్కుని మర్చిపోతార్లే.”

సునీత అక్క గురించి నేను అడిగాను. అడిగానని మీరు గమనించాలని ఈ మాట రాస్తున్నాను. ఎంత గడుసుదాన్నో చూడండి, ఒప్పుకుంటూ కూడా ఒక మార్కు కొట్టేయాలని చూస్తున్నాను. అడిగాను, నిజమే. ఆయన చెప్పిన జవాబు పట్టుకుని హాయిగా ఇంటికి వెళ్లిపోయాను, అదీ నిజమే. ముందు పరీక్షలు రాసుకో అన్నాడు. ముందు అన్నాడంటే తర్వాత అనేది ఒకటి ఉంటుంది కదా? పరీక్షలు అయిపోయాయి. ఫలితాలు వచ్చాయి. డిగ్రీ అయింది, పెళ్లయింది, తాడేపల్లిగూడెం వచ్చి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. ఆ తర్వాత అనేది మాత్రం ఇంకా రాలేదు.

పెద్దలు మర్చిపోలేదు. దేవదానాన్ని ప్రభువు బల్ల నుంచి ఆపేశారు. మా దగ్గర అంతకంటే పెద్ద శిక్ష లేదు. నెలకోసారి అందరూ ముందుకెళ్లి మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. ఆపినవాళ్లు బెంచీ మీదే కూర్చుని ఉండాలి, అందరూ చూస్తుండగా. ఆ నెల ఆయన వచ్చాడు, కూర్చున్నాడు. నేను ఆయన పక్కనుంచే నడిచి ముందుకు వెళ్లాను. మోకరించాను. చెయ్యి చాపాను. రొట్టె అరచేతిలో పెట్టారు, తిన్నాను. తినకుండా ఉంటే ఎందుకని అడుగుతారేమోనని భయం. ఆ భయంతోనే ఈ రోజు వరకూ తీసుకుంటున్నాను. మరుసటి నెల నుంచి ఆయన రాలేదు. హాలు తాళంచెవి పెద్దల చేతిలో ఉంది కాబట్టి బ్యాండ్ కూడా ఆయన్ని వదులుకుంది. ఆయన పోయాక ఆ పాటలు నిలబడలేదు. ఏడాది తిరగకుండానే నీరెండ ఆరిపోయింది.

సునీత అక్కను గుండుగొలనులో పుట్టింటికి పంపేశారు. తర్వాత భర్త అక్కడికే వెళ్లి కాపురం పెట్టాడని విన్నాను. అత్తవారి గడప మళ్లీ తొక్కలేదని కూడా విన్నాను. విన్నాను అని ఎంత తేలిగ్గా అంటున్నానో! గూడెం నుంచి ఏలూరు వెళ్లే ప్రతిసారీ బస్సు గుండుగొలను మీదుగానే వెళ్తుంది. ఆ ఊరు రాగానే ఫోన్‌లోకి తల దించేసేదాన్ని.

పేజీ మొదలుపెట్టాక ఒకసారి దేవదానాన్ని కలవడానికి ఆకివీడు వెళ్లాను. చేపల లారీలకు ఐసు వేయించే పని చూసుకుంటున్నాడు. జుట్టు నెరిసింది. వాళ్లావిడ టీ ఇచ్చి, ఆ తలుపు వెనక ఆవిడెవరో మీకైనా చెప్పారా అండీ అని నవ్వుతూ అడిగింది. ఆ నవ్వులో నవ్వు లేదు. ఆయన టీ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాడు. పెళ్లాం దగ్గర కూడా మాట నిలబెట్టుకున్న మనిషి ముందు నేనేం చేశానో తెలుసా? బేస్ గిటార్‌కి ఏ తీగలు వాడేవారని అడిగాను. ఇంటికి వచ్చి ఆయన మీద చాలా మంచి వ్యాసం రాశాను. చదివినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. దాని చివర్లో, ‘ఆ తలుపు వెనక ఎవరున్నారో, ఆ రహస్యం కొల్లేటికే తెలియాలి’ అని కూడా రాశాను. అప్పుడు పదిహేడేళ్ల పిల్లను, భయపడ్డాను అనుకుందాం. ఈ వాక్యం రాసినప్పుడు నా వయసెంత? ఎవరికి భయపడి రాశాను? బాగుంటుందని రాశాను. నన్ను నేను దేనికైనా క్షమించుకోగలనేమో గానీ దీనికి మాత్రం కాదు.

ఆ వాక్యం నుంచే కథ అల్లుకుంది. ఇప్పుడు అభిమానులందరికీ తెలుసు, పెళ్లయిన ఇల్లాలిని ప్రేమించి చర్చికి దూరమైన గాయకుడి కథ. నన్ను సభలకు పిలిచి అదే చెప్పమంటారు. కాదంటే నీకెలా తెలుసు అంటారు, ఔనంటే ఇద్దరు మనుషుల మీద మళ్లీ బురద చల్లినట్టు. అడకత్తెరలో పోకచెక్కలా అయింది నా పని. మా వారికి ఆ పాట ప్రాణం. కారెక్కితే అదే పెడతారు. ఎవరో గానీ అదృష్టవంతురాలు అంటారు. పక్క సీట్లో నేను బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంటాను. ఎక్కడని దిగిపోను?

దేవదానం గురించి ఇన్ని వ్యాసాలు రాశాను. సునీత అక్క గురించి ఒక్క ముక్క రాయలేదు. ఈ సంగతి నా అంతట నాకు తట్టలేదు. పోయిన నెల పేజీకి ఒక సందేశం వచ్చింది.

‘ఆ తలుపు మా తాతగారింటిదండీ. అమ్మ రెండేళ్ల కిందట పోయింది. బతికున్నప్పుడు అడగడానికి నోరు రాలేదు. నాన్నగారు ఆ పాట వినపడితే ఇప్పటికీ బయటికి వెళ్లిపోతారు. మీకన్నీ తెలుసంటారు కదండీ. ఆ పాట మా అమ్మ గురించేనా?’

వారం రోజులు జవాబివ్వలేదు. పేజీ మూసేద్దామనుకున్నాను. ఎవరో వేరేవాళ్లు రాశారని చెబుదామనుకున్నాను. అన్నీ అనుకున్నాను. చివరికి ఒక మధ్యాహ్నం, స్టాఫ్‌రూమ్‌లో అందరూ క్లాసులకు వెళ్లాక, నా పేరుతో సహా రాసి పంపాను. మీ అమ్మగారి గురించి కాదమ్మా. మాటలు నావి. ఆ గదిలో కూర్చున్నది నేను. ఆవిడకు ఏ పాపమూ తెలియదు. ఇది నాన్నగారికి చూపించండి. దేవదానంగారి ఇంటికి నేను వెళ్లి చెబుతాను. పేజీలో కూడా రాస్తాను. ఇప్పుడు ఎవరో తెలియని మీకు రాస్తున్నది, పేజీలో రాయడానికి అలవాటు పడటానికే.

క్షమించమని అడగలేదు. ఏ ముఖం పెట్టుకుని అడుగుతాను? చనిపోయిన మనిషికి ఏం తిరిగి ఇవ్వగలను? పంపాక మాత్రం క్యారియర్ విప్పి అన్నం తిన్నాను. అది ఉపశమనమే. అంతకంటే పెద్ద పేరు దానికి పెట్టను.

సాయంత్రానికి ఆ అమ్మాయి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. తిట్టలేదు. పర్లేదండీ అని కూడా అనలేదు.

‘అమ్మ దగ్గర ఒక ఇంటర్ పిల్ల లెక్కలు చెప్పించుకునేదట. పరీక్షల ముందు చెప్పకుండా వచ్చేయాల్సి వచ్చింది, పాపం ఆ పిల్ల ఏమైపోయిందో అని పోయేదాకా అంటూనే ఉండేదండీ. అది మీరేనా?’

నేనేనమ్మా, అని రాశాను.