పెట్టె మీద కూర్చున్న ఓబులప్ప

శనివారం, సాయంత్రం అయిదు గంటల పది నిమిషాలు. ఏ ఏడాదో అడిగితే తడుముకుంటాను. వానలు ఎగ్గొట్టిన ఏళ్ళన్నీ నాకు ఒకేలా కనిపిస్తాయి. వారమూ గంటా మాత్రం మరిచిపోలేదు. నిన్న మనవడు కొత్తగా కొన్న పాత కారును వాకిట్లో ఆపి పాట పెట్టాడు. గూట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి, చెంబులో నీళ్ళు వణికాయి. “ఏందిరా, బాన దొర్లినట్ల ఉండాది,” అన్నాను. “బేస్ తాతా. దెబ్బ గట్టిగా పడల్ల, ఇది ఉత్తగా గుంయ్ అంటాది,” అన్నాడు. డిక్కీ తెరిపించి, ఆ పెట్టె అంచుల వెంబడి అరచెయ్యి ఆడించాను. ఒక మూల సన్నగా గాలి తగిలింది. అలా చెయ్యి పెట్టి చూడడం నేను ఒకరి దగ్గర నేర్చుకున్నాను. ఆయన పేరు ఓబులప్ప.

మాది నిడుగల్లు కొండ దిగువన ఒక పల్లె. ఓబులప్ప మా పక్కింటి రైతు. వేరుశెనగ పండిన ఏళ్ళలో ఆయన కళ్ళంలో కాయ రాశి పోసి ఉంటే, ఒలిచే ఆడవాళ్ళ మాటలు మా ఇంట్లోకి వినిపించేవి. నేను చదువు లేనివాణ్ణి. నా చేనులో ఏమీ రాక వై.ఎన్.హొసకోటలో ఒకాయన వ్యాను తోలేవాణ్ణి. పంట లేని ఏడు ఆ వ్యానుకు ఒకటే పని: మా చుట్టుపక్కల జనాన్ని ఇండ్లు కట్టే పనికి బెంగుళూరు చేర్చడం. వ్యాను వెనక భాగంలో ఒక పెద్ద చెక్క పెట్టె, దాంట్లో వెడల్పాటి స్పీకరు. నేనే పెట్టించాను. అది మోగితే రేకులన్నీ అదిరేవి. వ్యాను వస్తోందని మూడు వీధుల అవతలికి తెలిసేది. జనం అరుగుల మీదికి వచ్చి ఎవరెవరు ఎక్కుతున్నారో చూసేవారు. అది నాకు గొప్పగా ఉండేది. ఎక్కేవాళ్ళు తల వంచుకుని ఎందుకు ఎక్కుతున్నారో నాకు పట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఓబులప్ప వ్యాను దగ్గరికి వచ్చాడు. భుజాన మంచి నల్ల కంబళి. చాలాసేపు టైర్లు చూశాడు.

“నర్సిమ్మా, శనివారం నేనూ తిమ్మక్కా వస్తామప్పా,” అన్నాడు. తిమ్మక్క ఆయన భార్య.

“హొసకోటకా?”

“ఆడికి గాదు. నువ్వు అందర్నీ తోలకపోతావే, ఆడికి.”

ఆయన ఇంట్లో గింజ ఒలిచినవాళ్ళూ, ఆయన చేనులో కలుపు తీసినవాళ్ళూ పోయే చోటు అది. ఆయనే మళ్ళీ అన్నాడు: “పోయేది ఎట్లా తప్పదు. ఊరికి తెలీకుంటే చాలు. రేపు వాన పడినాక ఇదే మొగంతో నేను జనాన్ని చేనికి పిలవాల గదా.”

“పాట ఆపేస్తాలేప్పా.”

“ఆపొద్దురా. ఆపితే లోపల ఎవురన్నా ఏడ్చేది బయటికి వినబడతాది. లోపల మోగల్ల, బయటికి పోగూడదు. అట్ల చెయ్యి.”

అట్లా ఎలా చేస్తారో నాకు తెలియదు. ఆయనకూ తెలియదు. కానీ ఆయనకు బావి మోటారు తెలుసు. పైపు అతుకులో వెంట్రుకంత సందు ఉన్నా గాలి పీల్చుకుని నీళ్ళు పైకి రావు, అందుకే అతుకులకు పేడ మెత్తుతారు. బావి ఎండి, ఆ మోటారు గోనెపట్టా కింద పడి ఉంది. ఆయన నన్ను పాట పెట్టమని, బీడీ వెలిగించి పెట్టె అంచుల వెంబడి మెల్లగా జరిపాడు. పొగ నిటారుగా పోతూ పోతూ ఒక మూల చెదిరింది. వైరు బయటికి వచ్చే కంత దగ్గర ఇంకా చెదిరింది. “ఈడ పీలుస్తా ఉండాది చూడు. పెట్టె గాదిది, జల్లెడ,” అన్నాడు.

చింతగింజల పిండి ఉడికించి, రంపపు పొట్టు కలిపి ఆ సందులన్నీ మూశాము. పెట్టెను నాలుగు బోల్టులతో వ్యాను నేలకు బిగించాము. వెనక తలుపు అదరకుండా సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగాము. పాట పెడితే దెబ్బ కొంచెం గట్టిపడింది, కానీ లోపల ఇంకా ఖాళీ కడవలా మూలుగుతోంది. “లోపల ఏమన్నా మెత్తంది కూరల్ల,” అన్నాడు. గోనెసంచి తెస్తానని లేచాను. నేను తిరిగి వచ్చేసరికి ఆయన భుజం మీది కంబళిని కొడవలితో చీలుస్తున్నాడు. ఆయన గొర్రెల ఉన్నితోనే నేయించుకున్న కంబళి. గొర్రెలు అప్పటికే లేవు.

“దాన్నెందుకప్పా చించేది?”

“ఇది కప్పుకొని సిమెంటు మోస్తే నవ్వుతారురా,” అన్నాడు, తనే నవ్వుతూ.

ఉన్ని కూరి మూత బిగించాక, శబ్దం తగ్గించే గుండ్రటి మరను సగానికి తిప్పి పాట పెట్టాను. అంతకుముందు ఒక దెబ్బ తోక ఇంకో దెబ్బ మీద పడి అంతా ఒకటే రొద. ఇప్పుడు దెబ్బ పడింది, ఆగింది. తక్కువలో పెట్టినా ఎద మీద అరచేత్తో తట్టినట్టుంది. ఓబులప్ప దిగి వీధి చివరిదాకా నడిచి, అక్కడినుంచి చెయ్యి ఊపాడు. వినపడలేదని.

మామూలుగా చీకటిపడ్డాకే బయలుదేరేవాళ్ళం. ఆ శనివారం మాత్రం యజమాని తెల్లారేసరికి వ్యాను కావాలన్నాడు. అందుకే పట్టపగలు, అయిదూ పదికి. ఓబులప్ప తలకు తుండు చుట్టుకుని వెనక బెంచీ మూలన కూర్చున్నాడు. అరుగుల మీద జనం ఉన్నారు. వ్యాను వాళ్ళ ముందునుంచే పోయింది. ఒకరిద్దరు తలెత్తి మళ్ళీ బీడీల మీదికి పోయారు. అద్దంలో చూస్తే ఓబులప్ప కళ్ళు మూసుకుని ఉన్నాడు.

ఊరి చివర దిన్నె దగ్గర గంగమ్మ వాళ్ళు ఎక్కాలి. ఆయన కళ్ళంలో ఏళ్ళ తరబడి కాయ ఒలిచిన మనిషి గంగమ్మ. ఆమె కాలు లోపల పెట్టి, తుండు కింది ముఖం గుర్తుపట్టి, ఆగిపోయింది.

“ఏమప్పా, ఈ తూరి మాకు మేస్త్రీ నువ్వేనా?”

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వుదామని అన్నట్టు లేదు, ఏం అనాలో తెలియక అంది. బెంచీ మీద చోటు ఉంది. ఆయన పక్కన సమంగా కూర్చోవడం ఆమెకు చేత కాలేదు. నేల మీద కూర్చోబోయింది. వెనక మిగతావాళ్ళు ఎక్కలేక నిలబడ్డారు. ఓబులప్ప లేచాడు.

“నర్సిమ్మా, ఈ పెట్టె ఎగురుతా ఉండాది. బరువు లేకుంటే నిలబడేటట్టు లేదు. నేను దీని మీద కూచుంటా. మీరు బెంచీ మీద సర్దుకోండమ్మా.”

నాలుగు బోల్టులు బిగించింది మేమిద్దరమే. “అవునప్పా, ఎగురుతాది,” అన్నాను.

గంగమ్మ బెంచీ మీద కూర్చుంది. ఆయన కింద ఆయన కంబళే దెబ్బలు తింటుంటే, బెంగుళూరు దాకా ఆ చెక్క పెట్టె మీదే వచ్చాడు. అద్దంలోకి చూడడానికి నాకు సిగ్గేసింది. చూడకుండా తోలాను.

ఆ దోవలోనే, తెలుగు బోర్డులు కనిపించినంత మేర, ఆయన నాకు అక్షరాలు మొదలుపెట్టాడు. “నాకు చూపు ఆనడంల్యా, ఆ బోర్డు మీద మొదటిది సున్న మాదిరి ఉండాదా, చూసి చెప్పు,” అనేవాడు. ఆయన చూపు బాగానే ఉందని తర్వాత ఎప్పుడో తెలిసింది. నలభై దాటిన మగవాడికి చదువు రాదని వ్యానులో ఎవరికీ తెలియనివ్వలేదు.

తర్వాత వానలు పడ్డాయి. గంగమ్మ వాళ్ళు మళ్ళీ ఆయన చేనికి వచ్చారు. ఆ ప్రయాణం గురించి ఒక్కరూ నోరు విప్పలేదు. విప్పింది ఆయనే. ముసలితనంలో ఒకనాడు అరుగు మీద పదిమంది ముందర, “నర్సిమ్మ పెట్టె మీద కూలికి పోయినప్పుడు పట్టుకున్న నడుమప్పా ఇది, ఇంకా వదల్లే,” అన్నాడు. నేను అడ్డుపడి, “కూలికి గాదు, ఆసుపత్రికి పోయినాడు,” అన్నాను. ఆయన నా వైపు చూసి ఊరుకున్నాడు. ఆయన దించేసిన సిగ్గును నేను ఎత్తుకుని తిరుగుతున్నానని ఆ చూపుతో తెలిసింది. అయినా దించలేదు. మా పల్లెనుంచి రైతులెవరూ కూలికి పోలేదని ఇప్పటికీ అరుగు మీద చెప్పుకుంటారు. నేను తల ఊపుతూ కూర్చుంటాను.

నిన్న మనవడి పెట్టెలో కూరడానికి ఉన్ని కావాలంటే, అటక మీది పాత పెట్టె దింపి మూత తీశాను. కంబళి ఇంకా నల్లగానే ఉంది. “ఎవురిది తాతా?” అన్నాడు. సగం తీసి వాడికిచ్చి, సగం ఉంచుకున్నాను. ఎవరిదో ఇక్కడ రాస్తున్నాను, ఆయన నేర్పిన అక్షరాలతోనే.

ఆ శనివారం వ్యానులో ఉన్నవాళ్ళు: పెట్టె మీద ఓబులప్ప. బెంచీ మీద ఆయన భార్య తిమ్మక్క, దిన్నె మీది గంగమ్మ, ఆమె మొగుడు మారన్న, మారన్న చెల్లెలు హనుమక్క, కింది వీధి సంజీవప్ప. ముందర నేను. నా పక్కన నా భార్య లక్ష్మక్క. పుట్టింటికి పోయిందని వీధిలో చెప్పాను. పుట్టింటికి కాదు, ఇటుకలు మోయడానికి పోయింది.