ముదినేపల్లి గట్టు మీద నీటిపిల్లి

దెయ్యాలు, ఆత్మల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. బందరులో ఇరవై ఏళ్లకు పైగా జువాలజీ పాఠాలు చెప్పాను. చచ్చిన జంతువు చచ్చినట్టే. ఇప్పటికీ అదే అంటాను. అయినా ఇది రాస్తున్నానంటే, ఇందులో సగం నా చేతుల మీదే జరిగింది కాబట్టి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక నగరంలోని జూ వాళ్లు నీటిపిల్లి కోసం కొత్త ఎన్‌క్లోజర్ కట్టాలనుకున్నారు. నీటిపిల్లి అంటే మామూలు పిల్లికి రెండింతలుండే అడవి పిల్లి. నీళ్లలో దిగి చేపలు పడుతుంది. మా వైపు మడ అడవుల్లోనూ, చేపల చెరువుల దగ్గరా ఉంటుంది. దాని మీద నేనొక వ్యాసం రాసి ఉండటంతో ప్లానుకి సలహాలివ్వమని నన్నడిగారు. ముందు పెట్టే బోర్డు మీద నా పేరు కూడా వేస్తామన్నారు. ఆ మాట నాకు బాగా నచ్చింది. దాచుకోవడం దేనికి.

నాలుగు ఆదివారాలు దివిసీమ వెళ్లి పడవలో మడ అడవుల్లో తిరిగాను. ఒడ్డు ఎంత వాలుగా ఉంది, పిల్లి దిగే చోట నీళ్లెంత లోతు, ఎలాంటి పొదల్లో పడుకుంటుంది, అన్నీ కొలిచి రాసుకున్నాను. అడుగున్నర లోతు కొలను, ఒక పక్క బురద వాలు, చుట్టూ జమ్ము గడ్డి, జనం కంటపడకుండా దాక్కోవడానికి రెండు గూళ్లు. ప్లాను బాగా కుదిరింది. ఇక పిల్లి కావాలి.

చేపల చెరువుల దగ్గర వీటిని ఎలాగూ కొట్టి చంపుతున్నారు, అక్కడ ఒకదాన్ని పడితే కాపాడినట్టే కదా అన్నారు జూ వాళ్లు. అనుమతి కాగితాలు వచ్చాయి. ముదినేపల్లి దగ్గర ఒక చెరువు గట్టు మీద బోను పెట్టాం. ఆ చెరువుకి కాపలా ఉండే మనిషి నాంచారయ్య గారు. అరవై దాటాయి. అవసరమైతేనే మాట్లాడతారు.

బుధవారం పొద్దున బోనులో ఒక ఆడ పిల్లి పడింది. ఎడమ చెవి చీలిపోయి ఉంది. కుడి ముందు పాదానికి రెండు వేళ్లు లేవు, ఎప్పుడో ఉచ్చులో పోయినట్టున్నాయి. నాంచారయ్య గారు బోను ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశారు.

"మేడమ్ గారూ, ఇది పాలతో ఉందండి. పొట్ట కింద చూడండి. పిల్లలు ఇక్కడే ఎక్కడో ఉంటాయి. వదిలేద్దామండి."

"బందరు తీసుకెళ్లి డాక్టరు గారికి చూపిస్తాను. పాలిచ్చే తల్లే అయితే తెచ్చి ఇక్కడే వదిలేస్తాను," అన్నాను.

"మాటేనా అండీ?"

"మాటే."

పాలిచ్చే తల్లి అని నాకప్పటికే తెలుసు. చూడగానే తెలిసింది.

తెలిసిన పశువుల డాక్టరు గారి ఇంటి వెనక షెడ్డులో బోను దింపించాను. జూ వ్యాను రేపు వస్తుంది, రేపు వస్తుంది అంటూ మూడు రోజులు గడిచాయి. పిల్లి చేప ముట్టలేదు. ఊచలకేసి కొట్టుకుని మూతి పగలగొట్టుకుంది. శనివారం తెల్లారేసరికి చచ్చిపోయి ఉంది. పది గంటలప్పుడు డాక్టరు గారు కోసి చూశారు. నేను ట్రే పట్టుకుని పక్కనే నిలబడ్డాను. కత్తి తగలగానే ట్రేలోకి పాలు కారాయి. పాదాల కొలతలు నోట్సులో రాసుకున్నాను. పెరట్లో గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాం. పిల్లి చచ్చిపోయిందని రాసిన కాగితం మీద ఇద్దరం సంతకాలు పెట్టాం.

నాంచారయ్య గారికి కబురు పెట్టలేదు.

సోమవారం మధ్యాహ్నం ఆయన కాలేజీకి వచ్చారు. తడి గోనెలో చుట్టిన రెండు కొర్రమీనులు నా చేతికిచ్చారు.

"మాట నిలబెట్టుకున్నారండి. అందరూ అలా ఉండరు."

ఆయనే చెప్పారు. శనివారం చెరువులో తవుడు వేస్తుంటే పిల్లి గట్టు మీదకి వచ్చిందట. అదే చీలిన చెవి, అదే కుంటు. పాత ఇంజను షెడ్డు కిందనుంచి పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని జమ్ములోకి మార్చిందట. మొత్తం మూడు.

"ఎన్నింటికండీ?" అన్నాను.

"పది దాటి ఉంటుందండి. తవుడు లారీ అప్పుడే వెళ్లింది."

నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. ఆయన టీ తాగి బస్సుకి వెళ్లిపోయారు.

మళ్లీ ఆదివారం గుడివాడ మీదుగా ముదినేపల్లి వెళ్లాను. జమ్ము అంచున తడి బురదలో అడుగులున్నాయి. కుడి ముందు పాదానికి రెండు వేళ్లు లేవు. స్కేలు పెట్టి కొలిచాను. నోట్సులో ఉన్న కొలతలే. ఉచ్చులు చాలామంది పెడతారు, ఇంకో పిల్లికి కూడా అవే వేళ్లు పోయి ఉండొచ్చు అనుకున్నాను. నాంచారయ్య గారు జమ్ము పక్కకి తీసి చూపించారు. మూడు పిల్లలు. తల్లి దూరమై అప్పటికి పదకొండు రోజులు. ఎండిపోయి ఉండాల్సినవి, పొట్టలు గుండ్రంగా ఉన్నాయి. ఒకదాని మూతికి పాల తడి ఇంకా ఆరలేదు.

అక్కడ ఇంకో నిమిషం నిలబడలేకపోయాను.

బందరు వచ్చి డాక్టరు గారిని బతిమాలి పెరట్లో తవ్వించాను. పిల్లి అక్కడే ఉంది.

ఆ పని వదిలేస్తున్నానని జూ వాళ్లకి ఉత్తరం రాశాను. తర్వాత ఎక్కణ్ణుంచో ఇంకో జత తెప్పించి, నా ప్లాను ప్రకారమే కట్టారని విన్నాను. నేను వెళ్లి చూడలేదు.

కొన్నేళ్లకి నాంచారయ్య గారు పోయారని తెలిసి పలకరించడానికి వెళ్లాను. ఆ చెరువుల మీద ఇప్పుడు పిల్లుల్ని ఎవరూ కొట్టరని, ఆయన కొట్టనివ్వలేదని ఆయన భార్య చెప్పారు.

"మీ గురించి ఎప్పుడూ చెప్పేవారండి," అన్నారావిడ. "ఆ శనివారం మీరే బోను తెచ్చి గట్టు చివర తలుపు తీశారంట గదా. ఈయన కేకేస్తే పలక్కుండా, దూరం నుంచే చెయ్యి ఊపి వెళ్లిపోయారంట."

ఆ శనివారం పది గంటలకి నేను బందరులో, ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను. డాక్టరు గారు ఇంకా ఉన్నారు, అడిగితే చెప్తారు. ఆవిడకి మాత్రం, అవునండీ, కాలేజీకి టైమైపోతోందని ఆగలేదు అన్నాను.

ఆ రోజు గట్టు మీద నిలబడింది ఎవరో నాకు తెలీదు.