పాతపట్నంలో ఆడగుర్రానికి పరీక్ష

ఏప్రిల్ 9, బుధవారం, పాతపట్నం. ఉదయం ఏడున్నర. హాజరైనవారు: నా బావమరిది, గుర్రం అమ్మేవాడు, పశువుల డాక్టరమ్మ, నేను. తెల్ల ఆడగుర్రాన్ని కూడా డైరీలో ఆ వరుసలోనే రాశాను.

నా బావమరిదిది గరివిడి. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు పంపడమే అతని జీవనం. ఇప్పుడు మిగిలింది ఒక్క మగగుర్రం, దానికీ వయసు మీదపడింది. దాని సంతతి నిలవాలంటే పిల్లను కనే ఆడగుర్రం కావాలి. ఇదేమో రెండేళ్లుగా చూలు కట్టలేదట. అందుకే డాక్టరమ్మను రమ్మన్నాం.

ఆవిడ వచ్చేలోగా అతను కలిసొస్తుందో లేదో అని దాని ఒంటి మీద సుడులు చూశాడు, పళ్లు చూశాడు, మళ్లీ సుడులు చూశాడు.

"ఏటి మావా, పెళ్లిసూపులా? పాట పాడమంటావేటి?" అన్నాడు అమ్మేవాడు.

"పొద్దుట్నుంచీ నువ్వు పాడతన్నావు కదరా, సాల్దా?"

డాక్టరమ్మ భుజం దాకా తొడుగు వేసుకుని స్కానింగు పరికరంతో లోపల చూసింది. చిన్న తెర మీద బూడిదరంగు మబ్బులు కదిలాయి. గర్భసంచి శుభ్రంగా ఉందంది. కాసేపటికి ఆ మబ్బుల మధ్య నల్లగా, గుండ్రంగా, ఉసిరికాయంత ఒకటి కనబడింది.

"అండం ఇందులో ఉంది. రేపు తెల్లారేలోగా విడుదలవుతుంది."

"బావా, రేపటి సంగతి ఈవిడకెలా తెలిసిపోనాది?" అని నా బావమరిది నా చెవిలో అడిగాడు.

డెబ్బై ఏళ్లుగా పశువుల మధ్య ఉన్నవాణ్ణి, ఎన్నో ఈతలు చూశాను. ప్రాణం ఇంకా మొదలవకముందు దాని చోటు ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. ఆడగుర్రం గడ్డి నములుతూ ఉంది.

"దీన్ని మగగుర్రం దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్లారు?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఆషాఢంలోనండి. పెళ్లిళ్లుండవు గదా, అప్పుడే మాకు కాళీ. ఒక్కరోజు తీసుకెళ్లి తెచ్చీసినాం."

"అప్పుడు ఎదకొచ్చి ఉందా?"

"అది సూళ్లేదండి," అన్నాడు అమ్మేవాడు.

"ఓరి నీ ఇల్లు బంగారంగాను! మనుషులకి నచ్చత్రం సూస్తారు, దీనికి సెలవు సూసేర్రా?" అన్నాడు నా బావమరిది.

అయినా బేరం ఖాయం చెయ్యలేదు. ఆవిడ చెప్పింది జరిగితేనే కొంటానన్నాడు.

మర్నాడు ఉదయం డాక్టరమ్మ మళ్లీ చూసింది. ఆ నల్లని గుండ్రం లేదు. అది ఉన్నచోట ముడతపడిన చిన్న మచ్చ.

"విడుదలైంది. గుర్రంలో లోపం లేదు. మళ్లీ ఎదకు రావడం నెలాఖరులోనే."

నా బావమరిది ఆడగుర్రం పగ్గం విప్పి తన చేతికి చుట్టుకున్నాడు. అంతలో ఎవరో పెళ్లివారు ఊరేగింపుకి గుర్రం కావాలని అతనికి ఫోను చేశారు.

"నెలాఖరుకి మా గుర్రం రాదండి, దానికి ఇంటికాడ పనున్నాది," అన్నాడు.