లారీ మీది పిల్లలు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల బోర్డుల్లో సగం ఒకప్పుడు ఉపేంద్ర చేతి రాతే. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక, ఎల్బీనగర్ దాటి హయత్‌నగర్‌లో రేకుల షెడ్డు ఒకటి చూసుకుని లారీలకు రంగులు వేస్తూ బతికాడు. బాటసింగారం పండ్ల మార్కెట్‌కు వచ్చే డ్రైవర్లు లారీ వెనక తలుపు మీద తమ కూతుళ్ల బొమ్మలు వేయించుకునేవాళ్లు.

అతను వేసిన పిల్లలందరూ ఒకేలా నిలబడేవాళ్లు. నిటారుగా, ఎదురుగా చూస్తూ, కుడిచేతిలో మామిడిపండుతో. గౌను, కాళ్లు, చేతులు అట్టతో చేసుకున్న అచ్చు పెట్టి ముందే దించేవాడు. ఆఖర్న ఫోన్లో ఫొటో చూసి ముఖం పెట్టేవాడు. అది ఎవరిదైనా గుండ్రంగానే వచ్చేది.

"గౌను రంగు చూసి గుర్తువట్టాలె నీ బొమ్మల్ని," అని డ్రైవర్లు అంటే నవ్వేసేవాడు. ముఖం తనకు రాదని అతనికీ తెలుసు.

నల్లగొండ మహేష్ లారీ మీద అలాంటి బొమ్మే ఉండేది, అతని కూతురు అక్షితది. ఐదేళ్ల ఆ పిల్ల నిరుడు వానాకాలంలో డెంగీతో పోయింది. ఈ ఏడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు ముందు రంగులు వేయించాలని మహేష్ లారీ తెచ్చాడు. వెంట భార్య యాదలక్ష్మి వచ్చింది.

"చుట్టూత రంగెయ్యన్నా. బిడ్డను ముట్టకు," అన్నాడు మహేష్.

"బిడ్డ మీద గూడ కొట్టెయ్యన్నా," అంది యాదలక్ష్మి.

"ఏంది, మతి పోయిందా నీకు?"

"నువ్వు ముందట కూసుంటవు, నీకేం తెలుస్తది? లారీ ఇంటికొచ్చేటప్పుడు బిడ్డ కనవడదు. పోయేటప్పుడే కనవడుతది. ఎప్పుడు జూడు, పోతనే ఉంటది."

మహేష్ లారీ వెనక్కి పోయి బొమ్మ ముందు నిలబడ్డాడు.

ఉపేంద్ర లారీ చుట్టూ తిరిగి వచ్చాడు. ముందు అద్దం పైన పేరు రాసే పలక ఉంది. అక్కడ నిలువెత్తు పిల్ల పట్టదు, అచ్చు పనికిరాదు. ముఖం ఒక్కటే పడుతుంది.

"బిడ్డను ముందటికి తెస్త తమ్మీ. ఇది కుదిరితేనే ఎనక రంగు కొడ్త," అన్నాడు. అచ్చు పక్కన పెట్టి సన్న కుంచె వెతుక్కున్నాడు.

ఫోన్లో ఫొటో చూసి గీశాడు. గుండ్రంగా వచ్చింది. యాదలక్ష్మి స్టూలెక్కి చూసి తల అడ్డంగా ఊపింది. టర్పెంటైన్ గుడ్డతో తుడిచేశాడు. రెండోసారీ అంతే. అప్పుడు ఫోన్ మహేష్ చేతికిచ్చి, "నువ్వే చెప్పు చెల్లె," అన్నాడు.

"గదుమ సన్నగుంటది. ఎడమ చెవి జర బయటికి. వాళ్ల నాయినను సతాయించేటప్పుడు నవ్వు ఆపుకుంటది."

"ఎట్ల ఆపుకుంటది?"

ఆమె పెదవులు లోపలికి మడిచి చూపించింది. ఉపేంద్ర ఆ ముఖం చూస్తూ గీశాడు. "ఇంక సన్నగ," "కండ్లు గంత పెద్దగ గాదు," అంటూ దిద్దించిన ఆమె, పొద్దు వాలే సరికి చెప్పడం మానేసింది.

మర్నాడు రంగు ఆరాక మహేష్ లారీని రోడ్డు దాకా తీసుకుపోయి, అక్కడ తిప్పుకుని మళ్లీ షెడ్డు వైపు వచ్చాడు. యాదలక్ష్మి దారికి అడ్డంగా నిలబడింది. లారీ రెండు బారల దూరంలో ఆగింది.

"జర ముందుకు రా," అంది.

మహేష్ మెల్లగా ముందుకు పోనిచ్చాడు. ఉపేంద్ర నీలం రంగు డబ్బా పట్టుకుని లారీ వెనక్కి నడిచాడు.