రేపు పోదువు గని

మా బోధన్ చక్కెర మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా జన్మలో చాయ్‌లో చక్కెర వేసుకోను. ఈ ఊళ్ళో పుట్టినవాడికి అంతకంటే పెద్ద శిక్ష లేదు.

మా బాపు మేనమామది రెంజల్. మా ఇంట్లో పోసిన చాయ్ చల్లారేలోపు చేరుకునేంత దూరం. అయినా చెరుకు బండ్లు రోడ్డెక్కే కాలం రాగానే చేతిసంచితో మా ఇంట్లో దిగేవాడు. వరండా నడిమధ్య మంచం ఆయనది. ఇంట్లో ఉన్న ఒక్క మంచి తువ్వాలా ఆయనదే. మా అమ్మను మేము అవ్వ అని పిలిచేవాళ్ళం. అవ్వ చాయ్ ఇస్తే ఒక గుక్క తాగి ముఖం చిట్లించేవాడు.

“చక్కెర ఊర్లె ఉండి గింత పిసినారితనమేంది బిడ్డా?”

చిత్రమేమిటంటే ఆయన రోజూ పోతాననే బయలుదేరేవాడు. పొద్దున్నే స్నానం చేసి, సంచి భుజాన వేసుకుని, గడప దగ్గర నిలబడి “వస్త బిడ్డా” అనేవాడు. మా దిక్కు చుట్టాన్ని ఊరికే పంపరు. “గప్పుడేనా? ఇయ్యాల ఉండు, రేపు పోదువు గని” అనాలి. అవతలివాళ్ళు “లే లే, పనులున్నయి” అని కదలాలి. మర్యాద అక్కడికి పూర్తవుతుంది. ఈయన మాత్రం ఆ మాట కోసమే చెవి ఒగ్గి, అది పడగానే సంచి దించేవాడు.

“గింత బతిమాలితె ఎట్ల పోత బిడ్డా!”

ఆ ఏడు లింబాద్రి గుట్ట జాతర దగ్గరపడింది. అవ్వ పుట్టిల్లు ఆ గుట్ట పక్కనున్న భీమ్‌గల్. ఏడాది మొత్తంలో ఆ జాతరకే ఆమె పుట్టింటి గడప తొక్కేది. చుట్టాన్ని ఇంట్లో వదిలి ఎట్లా పోతుంది? కొత్త చీర మడత తీసి చూసుకుని, మళ్ళీ పెట్టెలో పెట్టేది.

“నువ్వు ఆ మాట అనకే అవ్వా,” అన్నాను.

“అనకుంటె మంచిగుంటదారా? ముసలాయన మనసు నొవ్వదా?”

ఇక ఉపాయం నాదే. జాతరకు పోవాల్సిన పొద్దున, గానుగ దగ్గర్నుంచి ఇంకా సాగుతున్న బెల్లం ముద్ద తెచ్చి, ఆయన సంచి ఎత్తగానే అవ్వ నోట్లో కుక్కాను. “వస్త బిడ్డా,” అన్నాడాయన. అవ్వ దవడలు రెండూ అతుక్కుపోయాయి. ఆయన చెవి ఒగ్గి చాలాసేపు నిలబడ్డాడు. మాట రాలేదు. చివరికి మెట్లు దిగి రెంజల్ బస్సెక్కాడు. అవ్వ నోరు నిజామాబాద్ దాటినా విడలేదు. టికెట్ ఎక్కడికని కండక్టర్ అడిగితే రెండు చేతులూ ఎత్తి గుట్ట ఆకారం చూపించిందట. అతను భీమ్‌గల్‌కే కొట్టిచ్చాడు.

ఇప్పటి చుట్టాలు ఫోన్ చేసి మరీ వస్తారు. కారును ముందే వెనక్కి తిప్పి పెట్టుకుని లోపలికొస్తారు. “ఇయ్యాల ఉండున్రి” అని నేను నోరారా అంటే నవ్వేసి తాళంచెవి తీస్తారు. వరండా అంతా ఖాళీ. గడప దగ్గర సంచి దించిన చప్పుడు మళ్ళీ ఒక్కసారి వినాలనిపిస్తుంది.

ఇక ఒట్టు సంగతంటారా, చాయ్‌లో చక్కెర డాక్టరు పోయిన ఏడే మాన్పించాడు కనుక భయం లేదు. బెల్లం ముద్ద నా కల్పన. నోరు విడకపోవడం, కండక్టరు, అన్నీ దాని పిల్లలే. ఆ పొద్దున కూడా అవ్వ ఆ మాట నిండుగా అనేసింది. ఆయన సంచి దించబోయాడు.

“దించకు మామా. ఉండుడేదో భీమ్‌గల్ల ఉందువు, నడు,” అని జాతరకు వెంట తీసుకుపోయింది. స్వామిని చూసుకుని వచ్చాక, భీమ్‌గల్‌లో అవ్వ తోబుట్టువు, అంటే నా మేనమామ, ఇంటి గడప దగ్గర ఇద్దరూ “వస్తం” అన్నారు.

“గప్పుడేనా? ఇయ్యాల ఉండున్రి, రేపు పోదురు గని,” అన్నది మా అత్త.

అవ్వ ఒక్కతే తిరిగొచ్చింది.